కొలువు పోతే కప్పూ పోతుంది: భిలాయి నుంచి ఉరల్ దాకా

2025 డిసెంబరు 5న న్యూఢిల్లీలో ప్రధాని మోదీ, రష్యా అధ్యక్షుడు పుతిన్ సమక్షంలో జరిగిన సంతకాల్లో రెండు ఒప్పందాలకు పత్రికల్లో పెద్దగా చోటు దొరకలేదు. చమురు, రక్షణ, అణు విద్యుత్తు వార్తల కింద అవి మరుగున పడ్డాయి. ఒకటి, ఒక దేశ పౌరులు మరో దేశంలో తాత్కాలికంగా పనిచేయడానికి సంబంధించింది. రెండోది, అక్రమ వలసల నిరోధంలో సహకారానికి సంబంధించింది. అంతకు కొద్ది రోజుల ముందే, నవంబరులో, యెకాటెరిన్‌బర్గ్, కజాన్ నగరాల్లో భారత కాన్సులేట్లు తెరుచుకున్నాయి. యెకాటెరిన్‌బర్గ్ ఉరల్ పారిశ్రామిక ప్రాంతానికి గుండెకాయ. ఉక్కు, యంత్రాలు, ఆయుధాలు తయారయ్యే చోటు.

ఈ వార్తను ఢిల్లీ నుంచి కాక ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి నుంచి చూస్తే వేరే ప్రశ్నలు ఎదురవుతాయి. ఉరల్ పేరు భిలాయికి కొత్త కాదు. ఆ ఊరి ఉక్కు కర్మాగారమే సోవియట్ సాయంతో పుట్టింది. అక్కడి తొలి తరం ఇంజనీర్లు మాగ్నిటోగోర్స్క్ లాంటి సోవియట్ ఉక్కు పట్టణాల్లో శిక్షణ పొందారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లిన వేలాది తెలుగు కుటుంబాలు ఇప్పుడు మూడో తరంలో అక్కడ ఉన్నాయి. శాశ్వత ఉద్యోగాలు కరిగిపోతున్న ఆ ఊళ్లో పని పోగొట్టుకున్న వెల్డరుకో, ఫిట్టరుకో రష్యాలో పని ఉందన్న మాట చెవిన పడటం ఖాయం. వెళ్లాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. వెళ్తే కుటుంబం ఎక్కడ ఉంటుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వాతావరణంలో లేదు, ఒప్పందపు షరతుల్లో ఉంది.

ఉరల్‌కు ఇప్పుడే ఎందుకు మనవాళ్లు కావాలి

రష్యాలో నిరుద్యోగం 2025లో రెండున్నర శాతం లోపే ఉంది. ఇది ఆర్థిక ఆరోగ్యానికి గుర్తు అనుకుంటే పొరపాటు. యుద్ధం పెద్ద సంఖ్యలో పురుషులను సైన్యంలోకి లాక్కుంది. సమీకరణకు భయపడి చాలామంది దేశం విడిచారు. ఆయుధ కర్మాగారాలు ఎక్కువ జీతాలిచ్చి మిగిలిన కార్మికులను లాగేసుకున్నాయి. జనాభా పెరుగుదల అంతకు ముందు నుంచే పడిపోతూ ఉంది.

ఇన్నాళ్లూ ఈ లోటును తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ వలస కార్మికులు పూడ్చారు. 2024 మార్చి 22న మాస్కో సమీపంలోని క్రోకస్ సిటీ హాల్‌పై ఉగ్రదాడి తర్వాత మధ్య ఆసియా వలసదారులపై తనిఖీలు, బహిష్కరణలు పెరిగాయి. దాంతో రష్యా యజమానుల చూపు భారత్ వైపు మళ్లింది.

2025 జులైలో ఉరల్ వాణిజ్య మండలి అధిపతి ఒకరు ఏడాది చివరికల్లా పది లక్షల మంది భారతీయులు వస్తారని ప్రకటించారు. రష్యా కార్మిక శాఖ వెంటనే దాన్ని ఖండించింది. ఆ ఏడాదికి భారతీయుల కోటా సుమారు 71,800 మాత్రమేనని తేల్చింది. మన దగ్గర ఏజెంట్ల నోట నానేది మాత్రం మొదటి అంకే. అవకాశం నిజమే, దాని పరిమాణం గురించిన ప్రచారమే అబద్ధం. వలసలో మోసం ఎక్కువగా పుట్టేది ఈ రెండింటి మధ్యే.

భిలాయి ఎలా నిండింది

ఊరు కాని ఊరికి కుటుంబాలు ఎప్పుడు కదులుతాయో తెలుసుకోవడానికి భిలాయి చరిత్రే మంచి పాఠం. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ల మధ్య ఒప్పందం కుదిరింది. పది లక్షల టన్నుల కర్మాగారానికి సోవియట్ ప్రభుత్వం రెండున్నర శాతం వడ్డీకి అప్పిచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు.

ఆ నాలుగేళ్లలో వరి పొలాల మధ్య ఒక పట్టణం లేచింది. చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెల వాళ్లు మొదట్లో ప్లాంటు పనికి జంకారు. ఇంత పెద్ద కట్టడం నిలబడాలంటే నరబలి తప్పదని, కొలిమికి మనుషుల్ని ఇస్తారని పుకార్లు తిరిగాయి. భిలాయిపై దశాబ్దాల పాటు పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త జోనథన్ ప్యారీ ఈ భయాలను వివరంగా నమోదు చేశారు. స్థానికులు వెనకాడిన పనుల్లో బయటివాళ్లు చేరారు. రాయపూర్, విజయనగరం రైలు మార్గం 1931 నుంచే ఉండటంతో ఉత్తరాంధ్ర నుంచి కూలీలు, మేస్త్రీలు, చదువుకున్న కుర్రాళ్లు తేలిగ్గా రాగలిగారు. ఖుర్సీపార్, క్యాంప్ ప్రాంతాల్లో ఇప్పటికీ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. సెక్టార్-5లోని బాలాజీ మందిరం ఆ తరం కట్టుకున్న గుర్తు.

అదే కాలంలో సోవియట్ నిపుణులు కూడా కుటుంబాలతో వచ్చారు. మంచు దేశం నుంచి, మే నెలలో 45 డిగ్రీలు తాకే చోటికి. నివాసం, వైద్యం, జీతం, తిరుగు ప్రయాణం అన్నీ ముందే రాసి ఉన్న ఒప్పందం మీద వచ్చారు. సొంత దేశంలో వాళ్ల ఉద్యోగాలు భద్రంగా ఉన్నాయి. 1972లో ఏర్పడిన మైత్రీ బాగ్ ఆ స్నేహానికి గుర్తుగా ఇప్పటికీ ఉంది.

రెండు వైపుల వాళ్లకూ ఆ వాతావరణం కొత్త, భాష కొత్త. అయినా కుటుంబాలు కదిలాయి. ప్లాంటు ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు. క్వార్టరు, పిల్లలకు బడి, సెక్టార్-9లో పెద్దాసుపత్రి, పదవీ విరమణ దాకా భరోసా. వీటి కోసం శ్రీకాకుళం రైతు కూలీ ఐదారు వందల కిలోమీటర్ల దూరాన్ని లెక్కచేయలేదు.

నౌకరీ వేరు, కామ్ వేరు

భిలాయిలో హిందీ మాట్లాడే ఎవరినైనా అడిగితే ‘నౌకరీ’కీ ‘కామ్’కీ ఉన్న తేడా చెబుతారు. ప్యారీ పుస్తకంలో ఈ తేడాదే కీలక స్థానం. నౌకరీ అంటే ప్లాంటు రిజిస్టరులో పేరున్న శాశ్వత ఉద్యోగం. కామ్ అంటే ఇవాళ ఉండి రేపు లేని పని. ఒకే షాపులో ఒకే యంత్రం పక్కన నిలబడే ఇద్దరిలో ఒకరికి నౌకరీ ఉంటుంది, మరొకరికి కామ్ ఉంటుంది. ఇద్దరి జీతాల మధ్య తేడా అనేక రెట్లు.

1980ల మధ్యలో భిలాయి ప్లాంటులో, గనులు కాకుండా, శాశ్వత ఉద్యోగులు సుమారు 65 వేల మంది ఉండేవారు. 2010ల మధ్యకు వచ్చేసరికి అందులో సగం కూడా మిగల్లేదు. ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. దేశంలో రైలు పట్టాలకు ఇప్పటికీ భిలాయే ప్రధాన ఆధారం. తగ్గింది శాశ్వత ఉద్యోగి సంఖ్య. రిటైరైన వారి స్థానంలో చాలా చోట్ల కాంట్రాక్టు కార్మికులు వచ్చారు. తండ్రి నౌకరీలో రిటైరైతే కొడుకు కామ్‌లో చేరడం చాలా కుటుంబాల అనుభవం.

ఈ అన్యాయాన్ని భిలాయి మౌనంగా భరించిందనుకోవడం తప్పు. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నాయకుడు శంకర్ గుహ నియోగి 1990లో చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికులను కూడగట్టారు. పర్మినెంట్ చేయాలని, బతకగలిగే జీతం ఇవ్వాలని వాళ్లు అడిగారు. వేలమందిని పనిలోంచి తీసేశారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నిద్రలో ఉన్న నియోగిని కాల్చి చంపారు. 1992 జులై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాలపై కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా 16 మంది కార్మికులు చనిపోయారు. తొలగించిన వారిలో చాలామంది మళ్లీ ఆ పనిలోకి వెళ్లలేకపోయారు. కోర్టుల చుట్టూ తిరుగుతూనే ముసలివాళ్లయ్యారు.

పని పోతే ముందు కదిలేది ఇల్లు

కంపెనీ టౌన్‌షిప్‌లో ఉద్యోగమూ ఇల్లూ ఒకే దారానికి కట్టి ఉంటాయి. శాశ్వత ఉద్యోగికి కూడా క్వార్టరు ఉద్యోగం ఉన్నంత కాలమే. ఈ శతాబ్దం మొదట్లో కొన్ని ఇళ్లను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చారు. ఆ అవకాశం అందుకున్నవాళ్లు నిలదొక్కుకున్నారు. మిగిలినవాళ్లు రిటైరయ్యాక ఖాళీ చేయాలి. కాంట్రాక్టు కార్మికుడికి ఆ మాత్రం భరోసా కూడా లేదు. అద్దె గది, రేషన్ కార్డు, పిల్లల బడి అన్నీ నెలవారీ కూలి మీదే ఆధారం.

పని పోయిన తెలుగు కుటుంబం ముందు ఉండే దారులు కొన్నే. సొంతూరికి వెళ్దామంటే తాత వదిలేసి వచ్చిన చెక్క భూమి ఎప్పుడో పంపకాలైపోయింది. పిల్లలు హిందీ మాధ్యమంలో చదువుతుంటారు, తెలుగు ఇంట్లో మాట్లాడటం వరకే. రాయపూర్ పక్కన సిల్తరా, ఉర్లా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలకు వెళ్తే అక్కడా కామే. విశాఖకు వెళ్దామంటే విశాఖ ఉక్కు నుంచే 2025లో కాంట్రాక్టు కార్మికులను తొలగించారు, దానిపై సమ్మె కూడా జరిగింది. అటువైపు నుంచి కూడా మనుషులు బయటికే చూస్తున్నారు.

ఇలాంటి చోట రష్యా పని గురించిన మాట బలంగా పనిచేస్తుంది. ఉక్కు పని తెలిసినవాడికి ఉక్కు దేశంలో పని అంటే నమ్మబుద్ధి అవుతుంది. తండ్రి నోట ‘రష్యన్ సాబ్’ల కథలు విన్న ఊళ్లో ఆ దేశం పరాయిగా అనిపించదు. అయితే ఆ జ్ఞాపకం వేరు, ఇప్పటి రష్యా వేరు.

చలి ప్రాంతానికి కుటుంబాలతో వెళ్లినవాళ్లు

పని పోయి కుటుంబాలతో ఉరల్ వైపు వెళ్లిన కథ చరిత్రలో ఒకసారి జరిగింది. వెళ్లినవాళ్లు అమెరికన్లు. 1931లో, మహా మాంద్యం కాలంలో, న్యూయార్క్‌లోని సోవియట్ వాణిజ్య సంస్థ ఆమ్‌టోర్గ్ ఆరు వేల ఉద్యోగాలు ప్రకటిస్తే లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. డెట్రాయిట్‌లో పని పోయిన కార్ల కార్మికులు కొందరు భార్యాపిల్లలతో సహా గోర్కీ నగరానికి వెళ్లారు. అక్కడ ఫోర్డ్ సాంకేతికతతో కొత్త ఫ్యాక్టరీ లేస్తోంది. జాన్ స్కాట్ అనే 20 ఏళ్ల యువకుడు వెల్డింగ్ నేర్చుకుని 1932లో మాగ్నిటోగోర్స్క్ చేరాడు. ఎముకలు కొరికే చలిలో బ్లాస్ట్ ఫర్నేసు మీద పని ఎలా ఉండేదో తర్వాత ‘బిహైండ్ ది ఉరల్స్’ అనే పుస్తకంలో రాశాడు. అక్కడే పెళ్లి చేసుకుని కాపురం పెట్టాడు.

చలిని ఆ కుటుంబాలు తట్టుకోగలిగాయి. వాళ్లను దెబ్బతీసింది వేరే విషయం. చాలామంది అమెరికన్ల పాస్‌పోర్టులు సోవియట్ అధికారుల చేతుల్లోకి వెళ్లిపోయాయి. 1937, 38 నాటి అరెస్టుల్లో విదేశీయులన్న అనుమానమే చాలామందికి శిక్షగా మారింది. కొందరిని కాల్చి చంపారు, కొందరు శిబిరాల్లో చనిపోయారు. సొంత దేశపు రాయబార కార్యాలయం వాళ్లను పట్టించుకోలేదు. స్కాట్ లాంటి కొందరు బయటపడ్డారు.

నేటి రష్యా స్టాలిన్ రష్యా కాదు. అయినా ఆ కథలో ఇప్పటికీ పనికొచ్చే రెండు ప్రశ్నలు ఉన్నాయి. పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది? ఆపదలో ఫోను ఎత్తే సొంత ప్రభుత్వం ఉందా? ఈ రెండూ ఊహాత్మక ప్రశ్నలు కావు. ‘హెల్పర్’ పని, సెక్యూరిటీ పని అని చెప్పి తీసుకెళ్లిన భారతీయ యువకులను రష్యా సైన్యంలో చేర్చిన ఉదంతాలు 2024లో బయటపడ్డాయి. చనిపోయిన వారిలో హైదరాబాద్ యువకుడూ ఉన్నాడు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి 126 మంది ఇలా చేరగా, 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ లేదు.

వీసా ఒక్కరికే

ఖుర్సీపార్‌లో అద్దె ఇంట్లో ఉండే ఒక వెల్డరును ఊహించుకుందాం. భార్య, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. ఉరల్‌లో పని దొరికిందనుకుందాం. జనవరిలో మైనస్ 15 డిగ్రీలు అక్కడ మామూలు, మైనస్ 30 కూడా అరుదు కాదు. కానీ రష్యా నగరాల్లో ఇళ్లకు కేంద్రీకృత వేడి ఏర్పాటు ఉంటుంది. మంచి కోటు, బూట్లు కొనుక్కుంటే చలి సమస్య చాలావరకు తీరుతుంది. అసలు చిక్కులు కాగితాల దగ్గర మొదలవుతాయి.

మొదటిది, వీసా అవసరమైన దేశాల కార్మికులకు ఇచ్చే సాధారణ వర్క్ పర్మిట్ ఒక యజమానికి, ఒక ప్రాంతానికి, ఒక వృత్తికి ముడిపడి ఉంటుంది. ఆ యజమాని తీసేస్తే అక్కడ ఉండే హక్కు కూడా ప్రమాదంలో పడుతుంది. భిలాయిలో ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. అక్కడ ఉద్యోగం పోతే దేశమే పోతుంది.

రెండోది, కుటుంబాన్ని సులువుగా వెంట తీసుకెళ్లే వెసులుబాటు ‘అత్యున్నత నైపుణ్య నిపుణుల’ తరగతికి ఉంది. అందుకు జీతం మూడు నెలలకు కనీసం 7,50,000 రూబుళ్లు ఉండాలి. మామూలు వెల్డరుకు, స్వీపరుకు అది అందని మెట్టు.

మూడోది, పిల్లల చదువు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం వలసదారుల పిల్లలు రష్యన్ భాషా పరీక్షలో నెగ్గితేనే బడిలో చేరగలరు. నెగ్గకపోతే భాష నేర్చుకుని మళ్లీ రాయాలి. హిందీ మాధ్యమం నుంచి వెళ్లిన పిల్లవాడికి ఎన్ని నెలలు వృథా అవుతాయో ఊహించవచ్చు.

నాలుగోది, డబ్బు. 2022 మార్చి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రష్యాలో సేవలు ఆపేశాయి. పెద్ద బ్యాంకులపై ఆంక్షలున్నాయి. గల్ఫ్ నుంచి ఫోను నొక్కి పంపినంత తేలిగ్గా రూబుళ్లు ఇంటికి చేరవు.

ఈ నాలుగూ కలిపితే తేలేది ఒకటే. ఈ అవకాశం కుటుంబానికి కాదు, మగమనిషి కండబలానికి మాత్రమే. భార్యాపిల్లలు భిలాయి అద్దె గదిలోనో, శ్రీకాకుళంలో అత్తవారింట్లోనో ఎదురుచూడాలి. 1950లలో భిలాయి కుటుంబాన్ని పిలిచింది. ఇప్పటి ఉరల్ కూలీని మాత్రమే పిలుస్తోంది. కామ్‌కూ నౌకరీకీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది, సరిహద్దు దాటింది అంతే.

చట్టంలో ఉన్న ఖాళీ

విదేశీ ఉపాధిని నియంత్రించే మన చట్టం 1983 నాటిది. దాని కింద పది పాసవ్వని వారు కొన్ని దేశాలకు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ జాబితాలో ఉన్న 18 దేశాలు ప్రధానంగా గల్ఫ్, పశ్చిమాసియా, ఆగ్నేయాసియాకు చెందినవి. రష్యా అందులో లేదు. అందువల్ల ఒప్పంద పత్రం పరిశీలన జరగదు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల బీమా తప్పనిసరి కాదు. రిజిస్టర్డ్ ఏజెంటు అయితే సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. ఊళ్లో తిరిగే దళారీకి ఈ పరిమితి పట్టదు.

భిలాయి తెలుగువారికి మరో చిక్కు ఉంది. తెలంగాణకు టామ్‌కామ్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ ఉంది. ఇవి ప్రభుత్వ నియామక సంస్థలు కాబట్టి మోసపోయే భయం తక్కువ. కానీ ఇవి ఆయా రాష్ట్రాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఏర్పడినవి. భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగు కార్మికుడి చిరునామా ఛత్తీస్‌గఢ్‌ది. అక్కడి రాజకీయాల్లో అతడు బయటివాడు, ఇక్కడి పథకాల్లో లెక్కలో లేనివాడు. ఏజెంటుకు మాత్రం ఈ తేడాలేవీ పట్టవు.

అడగాల్సింది ఏమిటి

ఒప్పందం కుదిరింది కాబట్టి వలస జరుగుతుంది. దాన్ని ఆపాలనడం అర్థం లేని మాట. పని లేని చోట ఉండమని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. కానీ ఒప్పందం అమలు నియమాలు రాసేటప్పుడు కొన్ని విషయాలను పట్టుబట్టవచ్చు. యజమాని తీసేస్తే మరో యజమాని దగ్గర చేరడానికి గడువు ఉండాలి. పాస్‌పోర్టు కార్మికుడి దగ్గరే ఉండాలి. సైన్యంలో చేర్చే ఏ కాగితం మీదా సంతకం తీసుకోకూడదన్న స్పష్టమైన నిషేధం ఉండాలి. ఒక నిర్దిష్ట కాలం పనిచేసినవారికి కుటుంబాన్ని తెచ్చుకునే హక్కు, పిల్లలకు భాషా తరగతులు ఉండాలి. డబ్బు పంపడానికి బ్యాంకు దారి ఖరారు కావాలి. రష్యాను కూడా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ పరిధిలోకి తేవాలి. కొత్త కాన్సులేట్లలో కార్మిక అధికారిని నియమించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 1955లో సోవియట్ యూనియన్ తన నిపుణులను భిలాయికి పంపినప్పుడు వాళ్ల ఇల్లు, వైద్యం, జీతం, తిరుగు ప్రయాణం ముందే ఖరారయ్యాయి. తన మనుషులను పరాయి వాతావరణానికి పంపే ప్రభుత్వం అప్పుడు అంత జాగ్రత్త తీసుకుంది. ఇప్పుడు మనుషులను పంపేది మనం. అదే జాగ్రత్త మన వెల్డరుకు ఎందుకు ఉండకూడదన్నది న్యూఢిల్లీ జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

అంతకంటే ముందు జవాబు దొరకాల్సిన ప్రశ్న భిలాయిలోనే ఉంది. ఉత్పత్తి పెరుగుతున్న ప్లాంటులో శాశ్వత కొలువు ఎందుకు తగ్గుతోందన్నదే ఆ ప్రశ్న. దానికి సమాధానం లేనంత కాలం పవర్‌హౌస్ స్టేషన్‌లో రైలెక్కే వాళ్లు ఉంటూనే ఉంటారు. మొదటి తరం ఆ స్టేషన్లో కుటుంబాలతో దిగింది. మూడో తరం అక్కడి నుంచి ఒంటరిగా బయల్దేరుతోంది.